బీపీ నిలబడినా కిడ్నీ ఎందుకు ఆగుతుంది? సెప్సిస్‌లో రక్తాన్ని పంచే రసాయనాల సంగతి

ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు డాక్టర్‌ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పొద్దున బీపీ పడిపోయిందన్నారు. మందు ఎక్కించాక నార్మల్‌కి వచ్చిందన్నారు. మరి మూత్రం ఎందుకు రావట్లేదండీ? డయాలిసిస్ అంటున్నారెందుకు?" అడిగేవాళ్లకి అది చిన్న ప్రశ్నే, జవాబు మాత్రం చిన్నది కాదు. మానిటర్ మీద కనిపించే బీపీ అంకె పెద్ద రక్తనాళాల్లో ఒత్తిడి ఎంతుందో చెబుతుంది. ఆ రక్తం చివరికి ఏ అవయవంలో ఏ మూలకి ఎంత చేరిందో చెప్పదు. ఆ పంపకం చూసే యంత్రాంగం వేరే ఉంది. దాన్ని నడిపేవి రసాయనాలు. సెప్సిస్ దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే.

సెప్సిస్‌ని మామూలుగా "రక్తంలో ఇన్ఫెక్షన్" అనో "రక్తం విషమైపోవడం" అనో చెప్పుకుంటాం. ఆ మాటలు మనల్ని పక్కదారి పట్టిస్తాయి. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్‌కి శరీరం ఇచ్చే స్పందనే అదుపు తప్పి, సొంత అవయవాలు ప్రాణం మీదకొచ్చేంతగా దెబ్బతినడం సెప్సిస్. ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల్లో ఉండొచ్చు, మూత్రనాళంలో ఉండొచ్చు, పొట్టలో ఉండొచ్చు. చాలామంది సెప్సిస్ రోగుల రక్తాన్ని కల్చర్‌కి పంపితే ఏ సూక్ష్మజీవీ పెరగదు. అయినా ఇన్ఫెక్షన్ సోకని కిడ్నీ ఆగిపోతుంది, ఇన్ఫెక్షన్ సోకని మెదడు మందగిస్తుంది. 2017లో ప్రపంచవ్యాప్తంగా 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ ఏడాది జరిగిన ప్రతి ఐదు మరణాల్లో దాదాపు ఒకటి ఇదన్నమాట. ఇంత పెద్ద జబ్బు గురించి మనకి ఇంత తక్కువ తెలియడం బాధాకరం.

తూములు తిప్పేదెవరు

విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ల గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అది బరువును బట్టి సమానంగా పంచుకునే రక్తం కాదు. రెండు కిడ్నీలూ కలిపి మూడు వందల గ్రాములే, కానీ మొత్తం రక్తంలో ఐదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వాటికి వెళ్తుంది. శరీరం బరువులో 2 శాతమే ఉండే మెదడు 15 శాతం దాకా తీసుకుంటుంది. మనం పరుగెత్తితే లెక్కంతా మారిపోతుంది. కాళ్ల కండరాలు సింహభాగం లాగేసుకుంటాయి, పేగులకి వాటా తగ్గుతుంది. ఇదంతా మనకి తెలియకుండానే క్షణాల్లో జరిగిపోతుంది.

దీన్ని కాలువల నీటి పంపకంతో పోల్చుకోవచ్చు. గుండె జలాశయం, పెద్ద ధమనులు ప్రధాన కాలువలు. పొలానికి నీళ్లు వదిలే తూములు ధమనికలు, అంటే కంటికి సరిగా కనిపించనంత సన్నని ధమనులు. వాటి గోడ చుట్టూ నునుపు కండరం ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. అది బిగిస్తే దారి సన్నబడుతుంది, వదిలితే వెడల్పవుతుంది. ఇక్కడ భౌతికశాస్త్రం ఒక పెద్ద మెలిక పెట్టింది. గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే ప్రవాహానికి అడ్డంకి రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. అందుకే ధమనిక కొద్దిగా బిగుసుకున్నా, కొద్దిగా వదులైనా ఆ అవయవానికి అందే రక్తం బాగా మారిపోతుంది.

ఈ తూములకి ఆదేశాలు మూడు వైపుల నుంచి వస్తాయి. మొదటిది దూరం నుంచి. నాడుల చివర్ల నుంచి వెలువడే నార్‌అడ్రినలిన్, పీయూష గ్రంథి విడుదల చేసే వాసోప్రెసిన్, కిడ్నీ మొదలుపెట్టే గొలుసు చర్యలో తయారయ్యే యాంజియోటెన్సిన్-2. ఈ మూడూ ముఖ్యంగా "బిగించు" అనే చెబుతాయి. మొత్తం ఒత్తిడిని కాపాడటం వాటి పని. రెండోది అవయవం లోపలి నుంచి. కష్టపడి పనిచేస్తున్న కణజాలం అడినోసిన్, కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం, పొటాషియం విడుదల చేస్తుంది. "ఇక్కడ ఆక్సిజన్ చాలట్లేదు, తూము తియ్యి" అని అడగడమే అది. అడిగిన చోట దారి వెడల్పవుతుంది. మూడోది రక్తనాళం లోపలి పొర, ఎండోథీలియం. ఒకే ఒక్క కణం మందం ఉండే ఈ పొర పక్కనుంచి ఒరుసుకుంటూ పోయే రక్తం వేగాన్ని పసిగడుతుంది, అవసరాన్ని బట్టి వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్‌లనో, బిగించే ఎండోథీలిన్‌నో విడుదల చేస్తుంది.

ఎర్ర రక్తకణాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాటిని ఆక్సిజన్ మోసే బస్తాల్లాగే చూస్తాం. కానీ ఆక్సిజన్ తక్కువున్న చోటికి వెళ్లినప్పుడు అవి కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని వదులుతాయి. దాన్ని అందుకున్న ఎండోథీలియం నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. ఆ కబురు కణం నుంచి కణానికి, ప్రవాహానికి ఎదురుగా పైకి పాకి, ఎగువనున్న ధమనికని కూడా తెరుస్తుంది. చివరి మడిలో నీళ్లు లేవన్న సంగతి ఎగువ తూముకి తెలిసే ఏర్పాటు ఇది. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, సెప్సిస్‌లో తెగిపోయే తీగ ఇదే.

కనిపెట్టిన తీరు

నైట్రిక్ ఆక్సైడ్ ఈ మొత్తం వ్యవహారంలో ప్రధాన పాత్ర. అందుకే అది ఎలా దొరికిందో చెప్పకుండా వెళ్లలేను. ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం ఒక్కోసారి రక్తనాళాన్ని వదులు చేస్తుంది, ఒక్కోసారి చేయదు. కారణం అంతుపట్టలేదు. 1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ చిక్కుముడి విప్పాడు. కుందేలు బృహద్ధమని ముక్కల్ని ప్రయోగానికి సిద్ధం చేసేటప్పుడు లోపలి పొర రాసుకుని ఊడిపోతే అవి వదులవడం లేదు. పొర జాగ్రత్తగా మిగిలితే వదులవుతున్నాయి. అంటే కండరానికి "వదులవ్వు" అని చెబుతున్నది ఎసిటైల్‌కోలిన్ కాదు, మధ్యలో ఆ పలుచని పొర పంపుతున్న ఇంకేదో పదార్థం. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని 1987 నాటికి తేలింది. వాహనాల పొగలో ఉండే వాయువు మన రక్తనాళాల్లో కబురు మోస్తోందంటే మొదట నమ్మడం కష్టమే. 1998లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

నైట్రిక్ ఆక్సైడ్ కొన్ని సెకన్లే బతుకుతుంది. ఆ కాసేపట్లోనే పక్కనున్న కండర కణంలోకి దూరి, సీజీఎంపీ అనే అణువు తయారీని పెంచి, కండరం పట్టు సడలిస్తుంది. మామూలు రోజుల్లో దీన్ని తయారుచేసే ఎంజైమ్ ఎండోథీలియంలో ఉంటుంది. కణంలో కాల్షియం పెరిగినప్పుడో, రక్తం ఒరిపిడి ఎక్కువైనప్పుడో అది కొంచెం వదిలి ఆపేస్తుంది. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం, అవసరమున్నంతసేపే.

ఆదేశం వినపడని గోడలు

ఇప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చిందనుకుందాం. కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని మన రోగనిరోధక కణాలు టీఎల్ఆర్-4 అనే గ్రాహకంతో గుర్తుపడతాయి. 1998లో ఈ సంగతి తేల్చిన బ్రూస్ బ్యూట్లర్‌కి 2011 నోబెల్‌లో వాటా దక్కింది. గుర్తుపట్టగానే కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి హెచ్చరిక కబుర్లు పంపిస్తాయి. ఇన్ఫెక్షన్ ఒకే చోట ఉన్నంతవరకు ఇది మంచి ఏర్పాటు. కాలికి చీము పట్టినప్పుడు ఆ చోటు ఎర్రబడి వేడెక్కేది, వాచేది దీనివల్లే. రక్తనాళాలు అక్కడ వెడల్పై, కాస్త కారితేనే తెల్ల రక్తకణాలు పోరాడే చోటికి చేరగలవు. సెప్సిస్‌లో ఇదే పని ఒళ్లంతా మొదలవుతుంది.

ఈ కబుర్లు అందుకున్న కణాలు నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే రెండో రకం ఎంజైమ్‌ని కొత్తగా తయారుచేసుకుంటాయి. తెల్ల రక్తకణాల్లోనే కాదు, ధమనిక గోడలోని నునుపు కండరంలో కూడా ఇది పుడుతుంది. మొదటి ఎంజైమ్‌కి కాల్షియం కళ్లెం ఉంది. దీనికి ఆ కళ్లెం లేదు. ఒకసారి తయారైతే గంటల తరబడి, ఎవరి అవసరంతోనూ పనిలేకుండా, పెద్ద మొత్తంలో నైట్రిక్ ఆక్సైడ్ వదులుతూనే ఉంటుంది. తూములన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటే ప్రధాన కాలువలో మట్టం ఏమవుతుందో బీపీకి అదే అవుతుంది.

అంతటితో అయిపోతే మందుగా ఎక్కించే నార్‌అడ్రినలిన్ డోసు పెంచితే సరిపోయేది. కానీ గోడలే మాట వినడం మానేస్తాయి. అందుకు కారణాలు ఒకటి కాదు. నునుపు కండర కణంలో పొటాషియం బయటికి పోయే ప్రత్యేక ద్వారాలున్నాయి. కణంలో ఏటీపీ తగ్గినా, ఆమ్లం పెరిగినా, నైట్రిక్ ఆక్సైడ్ చేరినా అవి తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోతే కణంలోకి కాల్షియం రావాల్సిన దారి మూసుకుపోతుంది. కాల్షియం రాకుండా కండరం బిగించలేదు. నార్‌అడ్రినలిన్ వచ్చి తలుపు తట్టినా లోపల పని జరగదు. దీనికితోడు, అదేపనిగా తడుతుంటే కణం తన తలుపుల్నే తగ్గించేసుకుంటుంది, అంటే ఉపరితలం మీద గ్రాహకాల్ని లోపలికి లాగేసుకుంటుంది.

వాసోప్రెసిన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. షాక్, అంటే బీపీ పడిపోయి అవయవాలకి రక్తం చాలని స్థితి, మొదట్లో దాని స్థాయి బాగా పెరుగుతుంది, తర్వాత పడిపోతుంది. పీయూష గ్రంథిలో నిల్వ ఖర్చయిపోవడం ఒక కారణం. 1997లో వచ్చిన ఒక పరిశోధనలో, గుండె వైఫల్యంతో షాక్‌లోకి వెళ్లినవాళ్ల రక్తంలో మిల్లీలీటరుకి సగటున 22.7 పికోగ్రాముల వాసోప్రెసిన్ ఉంటే, సెప్టిక్ షాక్, అంటే సెప్సిస్ వల్ల వచ్చే షాక్, ఉన్న రోగుల్లో 3.1 మాత్రమే ఉంది. ఎంతో అవసరమైన సమయంలో ఆ హార్మోన్ లేదు. నిమిషానికి 0.03 యూనిట్లంత చిన్న మోతాదు వాసోప్రెసిన్ ఇచ్చినా చాలామందిలో బీపీ లేవడం వెనుక ఉన్న తర్కం ఇదే. అలాగే రోజుకి 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. గోడలు నార్‌అడ్రినలిన్ మాట మళ్లీ వినేలా చేయడం దాని ముఖ్య ప్రయోజనాల్లో ఒకటి.

ఈ దశలో రోగి చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉండొచ్చు. నాడి గట్టిగా కొట్టుకుంటుంది. సెలైన్ ఎక్కించాక గుండె మామూలుకన్నా ఎక్కువ రక్తమే పంపుతుండొచ్చు. చూడటానికి రక్తానికి కొదవ లేదనిపిస్తుంది. మనల్ని పొరపాటు పడేలా చేసేది ఇదే.

నిండుగా పారే కాలువ, ఎండిన చివరి మడి

ఇప్పటిదాకా చెప్పింది వింటే సెప్సిస్ అంటే రక్తనాళాలన్నీ వదులైపోవడం అనిపిస్తుంది. సగం నిజమే. మిగతా సగం, నా ఉద్దేశంలో ఎక్కువ ముఖ్యమైన సగం, అవన్నీ ఒకేలా వదులవకపోవడం.

రెండో రకం ఎంజైమ్ అన్ని చోట్లా సమానంగా పుట్టదు. ఒక అవయవంలోనే ఒక మూల నైట్రిక్ ఆక్సైడ్ వరదలా ఉంటుంది. పక్క మూలలో మొదటి రకం ఎంజైమ్ దెబ్బతిని, ఉండాల్సినంత కూడా ఉండదు. అలాంటి చోట ఎండోథీలిన్, థ్రాంబాక్సేన్ లాంటి బిగించే కబుర్లదే పైచేయి. ఎండోథీలియం మీద మామూలుగా చక్కెర, ప్రొటీన్ అణువులతో నాచులా ఒక మెత్తని పూత ఉంటుంది. గ్లైకోకాలిక్స్ అంటారు. రక్తం ఒరిపిడిని పసిగట్టడంలో దానిది పెద్ద పాత్ర. సెప్సిస్‌లో అది ఊడి రక్తంలో కొట్టుకుపోతుంది. పూత పోయిన చోట తెల్ల రక్తకణాలు అతుక్కుంటాయి, ప్లేట్‌లెట్లు చేరతాయి, చిన్న చిన్న గడ్డలు కడతాయి. గోడ కారి నీరు బయటికి పోయి కణజాలం వాస్తుంది. ఎర్ర రక్తకణం తనకన్నా సన్నని కేశనాళికలోంచి మెత్తగా వంగి దూరిపోవాలి. సెప్సిస్‌లో అది బిరుసెక్కుతుంది, సరిగా వంగదు. ఆక్సిజన్ తక్కువున్న చోట ఏటీపీ వదిలి కబురు పంపే పని కూడా దెబ్బతింటుంది. ఆ కబురుని కణం నుంచి కణానికి పైకి మోసే సంబంధాలూ తెగుతాయి. ఆకలిగొన్న మూల అడగలేదు, అడిగినా ఎగువకి వినపడదు.

ఫలితంగా రక్తం సులువైన దారుల్లో దూసుకుపోతుంది, కష్టమైన దారుల్ని వదిలేస్తుంది. కొన్ని కేశనాళికల్లో వరద, వాటి పక్కనే కొన్ని ఆగిపోయి ఉంటాయి. కణం నుంచి దగ్గరి ప్రవహించే కేశనాళికకి ఉండే దూరం పెరుగుతుంది. ఆక్సిజన్ ఆ దూరాన్ని పాకి దాటలేదు. ఇలా దూసుకుపోయిన రక్తం ఆక్సిజన్‌ని దింపకుండానే సిరల్లోకి వచ్చేస్తుంది. అందుకే సెప్టిక్ షాక్ రోగి గుండెకి తిరిగొచ్చే రక్తంలో ఆక్సిజన్ పుష్కలంగా కనిపించవచ్చు. అవయవాలకి సరిపడా అందుతోందని ఆ అంకె చెప్పినట్టుంటుంది, నిజానికి అందక మిగిలిపోయిన ఆక్సిజన్ కూడా అందులో ఉండొచ్చు.

ఇది ఊహ కాదు. 2002లో బెల్జియం పరిశోధకులు ప్రత్యేకమైన చిన్న కెమెరాతో రోగుల నాలుక కింద సూక్ష్మ రక్తనాళాల్ని నేరుగా చూశారు. తీవ్ర సెప్సిస్ ఉన్నవాళ్లలో రక్తం పారుతున్న సన్న నాళాల సాంద్రత ఆరోగ్యవంతులకన్నా తక్కువగా ఉంది. బతకని వాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. ఆ నాళాల మీద నేరుగా ఎసిటైల్‌కోలిన్ వేస్తే మళ్లీ ప్రవాహం వచ్చింది. అంటే అవి అప్పటికి పూర్తిగా మూసుకుపోలేదు. వాటికి రావాల్సిన కబురు రావట్లేదు, అంతే.

కిడ్నీ

మొదటి ప్రశ్నకి తిరిగొద్దాం. కిడ్నీకి రక్తం తగ్గి ఆగిపోయిందని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో గొర్రెల మీద చేసిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. గొర్రె రక్తంలోకి ఈ.కోలై బ్యాక్టీరియా ఎక్కించినప్పుడు గుండె ఎక్కువగా కొట్టింది, కిడ్నీకి వెళ్లే రక్తం పెరిగింది, అయినా కిడ్నీ వడపోత కుప్పకూలింది. మనుషుల్లో అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. కొందరిలో కిడ్నీకి రక్తం తగ్గుతుంది కూడా. కానీ రక్తం సమృద్ధిగా ఉన్నా కిడ్నీ ఆగగలదని ఆ గొర్రెలు చూపించాయి.

ఎలా? కిడ్నీలో వడపోత జరిగే ప్రతి చిన్న గుచ్ఛానికి రెండు ధమనికలు ఉంటాయి. ఒకదాంట్లోంచి రక్తం లోపలికొస్తుంది, రెండోదాంట్లోంచి బయటికెళ్తుంది. మూత్రం తయారవ్వాలంటే ఈ రెండింటి మధ్య ఒత్తిడి ఉండాలి. అందుకు బయటికెళ్లే దారి కొంత బిగుతుగా ఉండాలి. యాంజియోటెన్సిన్-2 ముఖ్యంగా చూసుకునేది ఆ బిగుతునే. సెప్సిస్‌లో రెండు దారులూ వదులై, బయటికెళ్లేది ఇంకా ఎక్కువ వదులైతే, రక్తం గలగలా వచ్చి గలగలా పోతుంది. వడపోత మాత్రం జరగదు. తొట్టి కింద బెజ్జం పెద్దదైతే కుళాయి ఎంత తిప్పినా తొట్టి నిండనట్టే. దీనికితోడు కిడ్నీ లోపలి భాగం మామూలు రోజుల్లోనే తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొస్తుంది. పంపకం కాస్త అటూఇటూ అయితే మొదట ఇబ్బంది పడేది ఆ భాగమే.

ఈ లెక్క తెలిస్తే వాసోప్రెసిన్, యాంజియోటెన్సిన్-2 మందులుగా ఎందుకు ఆసక్తి రేపాయో అర్థమవుతుంది. రెండూ బయటికెళ్లే దారిని బిగిస్తాయి. అలాగే "కిడ్నీ డోసు" డోపమైన్ ఎందుకు విఫలమైందో కూడా కొంత అర్థమవుతుంది. చిన్న మోతాదు డోపమైన్ కిడ్నీకి రక్తం పెంచుతుంది కాబట్టి కిడ్నీని కాపాడుతుందని దశాబ్దాలపాటు ఐసీయూల్లో వాడారు. 2000లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో 328 మంది మీద జరిపిన ట్రయల్‌లో అది కిడ్నీని కాపాడలేదని తేలింది. రక్తం రావడం ఒకటి, ఆ రక్తంతో పని జరగడం ఇంకొకటి.

మిగతా అవయవాలు

పేగుల గోడలో చూషకాలు వేళ్లలా పైకి లేచి ఉంటాయి. ఒక్కోదాంట్లో పైకెళ్లే ధమనిక, కిందికొచ్చే సిర పక్కపక్కనే ఉండటం వల్ల ఆక్సిజన్ కొంత దారిలోనే అడ్డంగా దూకేస్తుంది. ప్రవాహం మందగిస్తే చూషకం కొనకి చేరేలోపే ఆక్సిజన్ అయిపోతుంది. కొన దెబ్బతింటే పేగు గోడ అడ్డుకట్టగా పనిచేయదు. కాలేయానికి పేగుల నుంచి వచ్చే పెద్ద సిర ద్వారా నాలుగింట మూడొంతుల రక్తం వస్తుంది, మిగతాది ధమని ద్వారా వస్తుంది. సిర రక్తం తగ్గితే అక్కడ పోగైన అడినోసిన్ ధమనిని తెరిచి లోటు పూడుస్తుంది. చాలా అందమైన ఏర్పాటు. సెప్సిస్ జంతు నమూనాల్లో ఇది కూడా సడలిపోవడం కనిపించింది. గుండె విషయంలో మాత్రం కరోనరీ ధమనుల్లో రక్తం తగ్గడం ప్రధాన కారణం కాదు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, నైట్రిక్ ఆక్సైడ్ గుండె కండరం బలాన్నే నేరుగా తగ్గిస్తాయి. మెదడు బీపీ పెరిగినా తగ్గినా తనకొచ్చే రక్తాన్ని స్థిరంగా ఉంచుకోగలదు. కొంతమంది సెప్సిస్ రోగుల్లో ఆ శక్తి దెబ్బతింటుంది. మాట తడబడటం, మగతగా ఉండటం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

అవయవాలు ఆగినప్పుడు వాటి కణాలన్నీ చచ్చిపోతాయని అనుకుంటాం. సెప్సిస్‌తో చనిపోయినవాళ్ల అవయవాల్ని పరీక్షిస్తే చచ్చిన కణాలు అనుకున్నంతగా కనిపించవు. నైట్రిక్ ఆక్సైడ్ కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఆక్సిజన్ వాడే ఎంజైమ్‌ని కూడా అడ్డుకుంటుంది. అంటే ఆక్సిజన్ అందినా కణం వాడుకోలేని పరిస్థితి కూడా ఉంది. గడ్డుకాలంలో కణం పని తగ్గించుకుని ప్రాణం నిలుపుకుంటోందని కొందరు పరిశోధకులు అంటారు. బతికి బయటపడ్డ చాలామందిలో కిడ్నీ మళ్లీ పనిచేయడం ఆ మాటకి బలమిస్తుంది. డయాలిసిస్ మొదలైందంటే కిడ్నీ శాశ్వతంగా పోయిందని కుటుంబాలు కుంగిపోతాయి. అలా అని ముందే అనుకోనక్కర్లేదు.

బీపీ పెరిగింది, మరణాలూ పెరిగాయి

నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువైతే దాన్ని ఆపేస్తే సరి కదా? సరిగ్గా అదే ఆలోచనతో ఎల్-ఎన్ఎంఎంఏ అనే మందుని పరీక్షించారు. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్‌లన్నిటినీ అది అడ్డుకుంటుంది. మొదటి పరీక్షల్లో బీపీ చక్కగా లేచింది, నార్‌అడ్రినలిన్ అవసరం తగ్గింది. అందరికీ ఆశ కలిగింది. 797 మంది సెప్టిక్ షాక్ రోగుల మీద చేసిన పెద్ద ట్రయల్‌ని మాత్రం మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం, 28 రోజుల్లో మందు తీసుకున్నవాళ్లలో 59 శాతం మంది చనిపోతే, తీసుకోనివాళ్లలో 49 శాతం మంది చనిపోయారు.

ఈ ఫలితం చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. బీపీ అంకెని లక్ష్యంగా పెట్టుకుంటే ఏం జరగగలదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పేది ఇంకొకటి లేదు. ఆ మందు మంచి, చెడు తేడా చూడలేదు. ఎండోథీలియంలోని మొదటి ఎంజైమ్ వదిలే కొద్దిపాటి నైట్రిక్ ఆక్సైడ్‌ని కూడా ఆపేసింది. కేశనాళికలు తెరిచి ఉండటానికి, ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఉండటానికి ఆ కొద్దిపాటే ఆధారం. ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని, గుండె మీద భారం పెరిగింది. ప్రధాన కాలువలో మట్టం పెరిగింది, తూములు మూసేయడం వల్ల.

టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే యాంటీబాడీలు సెప్సిస్‌లో ఆశించిన ఫలితం ఇవ్వకపోవడానికీ ఇలాంటి కారణాలే ఉన్నాయి. ఒకే అణువు ఒక చోట శత్రువు, పక్క చోట రక్షకుడు. ఒక గంటలో అవసరం, ఇంకో గంటలో ప్రమాదం. నోటి ద్వారానో నరం ద్వారానో ఒళ్లంతా పాకే మందుకి ఆ తేడా తెలియదు.

మరి ఇప్పుడు చేస్తున్నదేంటి? అన్నిటికన్నా ముందు ఇన్ఫెక్షన్ మూలాన్ని పట్టుకోవాలి. సెప్టిక్ షాక్ అనుమానం ఉంటే గంటలోపే యాంటీబయాటిక్ ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చీము ఉంటే తీసేయాలి. మిగతా మందులన్నీ అప్పటిదాకా సమయం సంపాదించి పెట్టేవే. బీపీకి మొదటి మందు నార్‌అడ్రినలిన్, సగటు ధమనీ ఒత్తిడి (పై బీపీ, కింది బీపీల మధ్య ధమనుల్లో ఉండే సగటు) లక్ష్యం 65. ఇంకా పెంచితే ఇంకా మంచిదేమో అని ఫ్రాన్స్‌లో 776 మంది మీద పరీక్షించి 2014లో ప్రచురించారు. 80-85 దగ్గర ఉంచినా మరణాలు తగ్గలేదు, పైగా గుండె లయ తప్పడం ఎక్కువైంది. అయితే ముందునుంచీ హైబీపీ ఉన్నవాళ్లలో డయాలిసిస్ అవసరం తగ్గింది. వాళ్ల కిడ్నీలు ఎక్కువ ఒత్తిడికి అలవాటు పడి ఉంటాయి కాబట్టి ఇది అర్థం చేసుకోదగ్గదే. అందరికీ ఒకే అంకె పనికిరాదు.

రక్తంలో లాక్టేట్ అనే పదార్థం ఎంతుందో చూసే పరీక్ష కూడా తరచూ చేస్తారు. అది పెరిగితే ఆక్సిజన్ అందట్లేదని అర్థం చెబుతుంటారు. కొంతవరకే నిజం. ఒత్తిడిలో శరీరం వదిలే అడ్రినలిన్ కూడా కండరాల్లో లాక్టేట్ తయారీని పెంచుతుంది. అందుకే లాక్టేట్ నెమ్మదిగా తగ్గుతుంటే కంగారుపడి ఇంకా ఇంకా సెలైన్ ఎక్కించడం వల్ల ఒక్కోసారి మేలుకన్నా వాపే ఎక్కువవుతుంది.

పంపకం సరిగ్గా జరుగుతోందో లేదో మంచం పక్కనే చూసే మార్గం ఒకటుంది, దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. చర్మం శరీరానికి అంత ముఖ్యమైన అవయవం కాదు కాబట్టి కష్టకాలంలో మొదట దాని వాటాకే కోత పడుతుంది. మోకాళ్ల చుట్టూ చర్మం మీద ఊదారంగు వలలాంటి మచ్చలు ఎంత దూరం పాకితే పరిస్థితి అంత విషమమని ఫ్రాన్స్ పరిశోధకులు 2011లో చూపించారు. ఇంకా సులువైనది వేలి పరీక్ష. వేలి కొన లోపలివైపు గాజు పలకతో తెల్లబడేదాకా నొక్కి, 10 సెకన్లు ఉంచి, వదలాలి. 3 సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. లాటిన్ అమెరికా ఆసుపత్రుల్లో 424 మంది సెప్టిక్ షాక్ రోగుల్లో సగం మందికి ఈ వేలి పరీక్షని బట్టి, మిగతావాళ్లకి లాక్టేట్‌ని బట్టి చికిత్స నడిపారు. 2019లో ఫలితాలు వచ్చాయి. 28 రోజుల్లో వేలి పరీక్ష బృందంలో 34.9 శాతం, లాక్టేట్ బృందంలో 43.4 శాతం మంది చనిపోయారు. ఈ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి కావాల్సిన గణాంకాల గీతని కొద్దిలో దాటలేదు కాబట్టి ఇది గెలుపని ఖాయంగా చెప్పలేం. కానీ వేలి పరీక్ష బృందంలో 72 గంటలకి అవయవాల పరిస్థితి మెరుగ్గా ఉంది.

మూత్రం ఎందుకు రావట్లేదని అడిగిన కుటుంబానికి నిమిషంలో జవాబు చెప్పాలంటే, నేనైతే వాళ్లని మంచం దగ్గరికి తీసుకెళ్లి, ముందు మానిటర్ మీద బీపీ చూపించి, తర్వాత ఆ వేలు నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో వాళ్లనే లెక్కపెట్టమంటాను.